పిల్లల గురకకి ఇంట్లో పరీక్ష: ఎలా చేయాలి, ఎంతవరకు నమ్మాలి

“మా పిల్లడు రాత్రిళ్లు గురక పెడుతున్నాడు, మధ్యలో ఊపిరి ఆగినట్టుంటోంది. ఇంట్లోనే పరీక్ష చేసుకునే మిషన్ ఏదైనా ఉందా?” విశాఖలో గాజువాక నుంచి, మధురవాడ నుంచి, అప్పుడప్పుడు పాడేరు నుంచి కూడా ఇదే ప్రశ్న వస్తుంటుంది. ఒక్కొక్కరికీ ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పేకంటే అంతా ఒకచోట రాస్తే మీకే మేలు.

అసలు మాట ముందే చెప్పేస్తాను. ఇంట్లో చేసే పరీక్షతో స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి పదేపదే ఆగే జబ్బు) ఉందని గట్టిగా అనుమానించవచ్చు. లేదని మాత్రం చెప్పలేం. తేల్చి చెప్పేది ల్యాబ్‌లో రాత్రంతా పడుకోబెట్టి చేసే స్లీప్ స్టడీ ఒక్కటే. పెద్దవాళ్లకు ఇంటికిచ్చి పంపే కిట్లతో పిల్లల్లో జబ్బు నిర్ధారించవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ స్లీప్ మెడిసిన్ 2017లోనే చెప్పింది. అయితే స్లీప్ స్టడీ అందనిచోట రాత్రి తీసిన వీడియో, రాత్రంతా నమోదైన ఆక్సీమీటర్ రికార్డు లాంటివి డాక్టరు వాడుకోవచ్చని అమెరికా పిల్లల వైద్యుల సంఘం 2012 మార్గదర్శకాల్లో ఉంది. మనం చేయబోయేవి ఆ రెండే, వాటికి తోడు ఒక డైరీ.

వీళ్లకు ఇంటి పరీక్ష వద్దు

ఏడాది నిండని పసిబిడ్డలు, గ్రహణం మొర్రి గానీ చిన్న దవడ గానీ ఉన్నవాళ్లు, కండరాల జబ్బులున్నవాళ్లు, గుండె, ఊపిరితిత్తుల సమస్యలున్నవాళ్లు, బాగా లావుగా ఉన్న పిల్లలు నేరుగా డాక్టరు దగ్గరకే వెళ్లాలి. డౌన్ సిండ్రోమ్ ఉన్న పిల్లలకు గురక ఉన్నా లేకపోయినా నాలుగేళ్లు నిండేలోపు ఒకసారి స్లీప్ స్టడీ చేయించాలి. సికిల్‌సెల్ అనే రక్తపు జబ్బు ఉన్న పిల్లల సంగతి పాడేరు, అరకు వైపు వాళ్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోండి. వాళ్లలో ఆక్సీమీటర్ అంకె మామూలుగానే కాస్త తక్కువ చూపించొచ్చు, పైగా రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతే జరిగే నష్టం మిగతా పిల్లల కంటే ఎక్కువ. వీళ్లందరికీ ఒక మంచి వీడియో తీసుకుని వెళ్తే చాలు, మిగతాది డాక్టరు చూసుకుంటారు.

నిద్రలో పెదాలు నీలం తిరిగినా, లేపితే సరిగా లేవకపోయినా, మెలకువలో కూడా డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా పరీక్షల జోలికి పోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

కావలసినవి

- ఛార్జింగ్, ఖాళీ మెమరీ ఉన్న ఫోన్
- ఫోన్ నిలబెట్టడానికి స్టూలు, ఆనించడానికి రెండు పుస్తకాలు
- జీరో బల్బు
- నోటు పుస్తకం, పెన్ను
- దొరికితే, రాత్రంతా రికార్డు చేసే మెమరీ ఉన్న పల్స్ ఆక్సీమీటర్, పిల్లల సైజు ప్రోబుతో (వేలికి తగిలించే భాగం) సహా
- మైక్రోపోర్ టేపు, ఒక వదులు సాక్సు
- వంతులవారీగా మేలుకోవడానికి ఇద్దరు పెద్దవాళ్లు

ఆక్సీమీటర్ దొరక్కపోతే ఆగిపోకండి. డైరీ, వీడియో ఉంటే పనిలో ముఖ్యభాగం అయిపోయినట్టే.

1. రోజులు సరిగ్గా ఎంచుకోండి

జలుబు చేసిన పిల్లలు చాలామంది గురక పెడతారు. జలుబు పూర్తిగా తగ్గాక వారం, వీలైతే రెండు వారాలు ఆగి మొదలుపెట్టండి. పరీక్ష రోజుల్లో నిద్రమత్తు తెచ్చే దగ్గు మందు, జలుబు సిరప్ మీ అంతట మీరు వేయొద్దు. డాక్టరు రాసిన మందులు మాత్రం మానకుండా ఇచ్చి, వాటి పేర్లు డైరీలో రాయండి. గదిలో దోమల చక్రం, అగరుబత్తి, సాంబ్రాణి, సిగరెట్ పొగ ఏదీ వద్దు. ఇది ఆ వారానికే కాదు, గురక పెట్టే పిల్లలున్న ఇంట్లో ఎప్పటికీ పాటించాల్సిందే.

2. వారం రోజులు డైరీ రాయండి

రోజూ ఉదయం రెండు నిమిషాల పని. గురక వచ్చిందా, గోడ అవతలికి వినిపించేంతగా వచ్చిందా, నోరు తెరిచి పడుకున్నాడా, మెడ వెనక్కి వాల్చి పడుకున్నాడా, పక్క తడిపాడా, లేవగానే తలనొప్పి అన్నాడా, నోరు ఎండిపోయిందా రాయండి. వారంలో మూడు రాత్రులు, అంతకుమించి గురక ఉంటే దాన్ని మామూలుగా తీసుకోకూడదు. ఆరు నెలలకు పైగా పక్క తడపడం మానేసిన పిల్ల మళ్లీ మొదలుపెడితే దాని కింద గీత గీయండి.

తల చెమటతో తడిసిపోవడం కూడా ఒక లక్షణమే. కానీ మన ఊళ్లో మే నెల ఉక్కపోతలో తడవని తల ఎవరిది? అందుకని డిసెంబరు, జనవరి రాత్రుల్లో కూడా తలగడ తడుస్తోందా అన్నది గుర్తుచేసుకుని రాయండి. డాక్టరుకి ఆ ఒక్క వాక్యం చాలా పనికొస్తుంది.

పగటి సంగతులు మరవొద్దు. నిద్ర చాలని పెద్దవాళ్లు కునుకుతారు. పిల్లలు చాలామంది దానికి విరుద్ధంగా ఉంటారు: ఒకచోట కూర్చోరు, ఊరికే చిరాకుపడతారు, చెప్పింది వినరు, చదువు మీద మనసు నిలపరు. “వీడు పగలంతా గంతులేస్తున్నాడు, నిద్రలో తేడా ఏముంటుంది?” అనుకుని వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. టీచరుని కూడా ఒకసారి అడిగి ఆ మాట రాసుకోండి.

పిల్లల నిద్ర గురించి 22 ప్రశ్నలున్న పత్రం ఒకటి డాక్టర్ల దగ్గర ఉంటుంది. జవాబిచ్చిన ప్రశ్నల్లో మూడోవంతు, అంతకంటే ఎక్కువ వాటికి “అవును” వస్తే అనుమానించాలన్నది దాని లెక్క. మీ డైరీ ఉంటే ఆ పత్రం నింపడం అయిదు నిమిషాల పని.

3. వీడియో తీయండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ ఇక్కడ పెట్టండి. నాకు చూపించే వీడియోల్లో సగానికి సగం చీకట్లో దుప్పటి, దాని మీద ఫ్యాను చప్పుడు. వాటితో ఎవరూ ఏమీ చెప్పలేరు.

పిల్లాడి చొక్కా తీసేయండి, లేదా గుండీలన్నీ విప్పండి. దుప్పటి నడుము దిగువకే ఉండాలి. ఫోన్‌ని మంచం ఎత్తులో, పక్క నుంచి, మూడు నాలుగు అడుగుల దూరంలో స్టూలు మీద నిలబెట్టండి. ముఖం, మెడ, ఛాతీ, పొట్ట నాలుగూ ఒకేసారి కనిపించాలి. పైనుంచి తీస్తే ఛాతీ లేవడం, పడటం తెలియదు. కాళ్ల వైపు నుంచి తీస్తే ముఖం కనిపించదు. జీరో బల్బు వెలుగు ఫోన్ వెనక వైపు నుంచి పిల్లాడి మీద పడాలి.

దోమతెర కట్టుకునే ఇళ్లలో ఫోన్ తెర లోపలే పెట్టండి. బయట పెడితే కెమెరా వల మీదే నిలిచిపోయి పిల్లాడు మసకగా వస్తాడు. ఫ్యాను తక్కువ స్పీడులో పెట్టండి, కూలర్ ఉంటే ఆపండి. ఏసీ చప్పుడు ఫర్వాలేదు. అందరూ వరుసగా ఒకేచోట పడుకునే అలవాటుంటే ఆ రెండు రాత్రులూ గురక పెట్టే పెద్దవాళ్లని వేరే గదిలో పడుకోబెట్టండి. వీడియోలో వినిపించే గురక ఎవరిదో తెలియక డాక్టరు తికమకపడకూడదు.

ఇక వేళ. చాలామంది పిల్లాడు నిద్రపోయిన అరగంటకి చూసి, ప్రశాంతంగా ఉన్నాడని ఫోన్ కట్టేస్తారు. పిల్లల్లో ఊపిరి అడ్డుపడేది ఎక్కువగా కలల నిద్రలో. ఆ నిద్ర రాత్రి చివరి భాగంలో ఎక్కువ. కాబట్టి నిద్రపోయిన గంటకి ఒక వీడియో, తర్వాత తెల్లవారుజామున మూడు నుంచి అయిదు మధ్య కనీసం రెండు వీడియోలు, ఒక్కోటి అరగంట. జాలరిపేటలో వేటకని మూడింటికే లేచే ఇళ్లకి ఇది కష్టం కాదు, మిగతావాళ్లు అలారం పెట్టుకోండి. లేదా ఛార్జర్ తగిలించి రాత్రంతా నడవనిచ్చి, ఉదయం ఆ భాగం చూడండి. ఫోన్, ఛార్జర్ పరుపు మీద పెట్టొద్దు, వైరు పిల్లాడికి అందకూడదు. ఇలా రెండు మూడు రాత్రులు తీయండి.

4. వీడియోలో ఏం చూడాలి

చెవితో కాదు, ముందు కంటితో చూడండి. గురక సాగుతూ సాగుతూ ఒక్కసారి చప్పుడు ఆగిపోతుంది. గురక తగ్గింది, హమ్మయ్య అనుకునేది సరిగ్గా ఇక్కడే. అప్పుడు పొట్ట చూడండి. పొట్ట పైకి లేస్తోంది, ఛాతీ మాత్రం లోపలికి పోతోంది. మెడ కింద, రెండు ఎముకల మధ్య గుంట లోపలికి లాక్కుంటోంది. అంటే ఒళ్లు ఊపిరి కోసం పెనుగులాడుతోంది, గొంతు దగ్గర దారి మూసుకుపోయి గాలి లోపలికి వెళ్లట్లేదు. కొద్దిసేపటికి పిల్లాడు ఎగశ్వాసతోనో, పొలమారినట్టో, ఉలిక్కిపడినట్టో కదిలి మళ్లీ గురక అందుకుంటాడు. ఈ వరుస మొత్తం ఒక్కసారి స్పష్టంగా దొరికినా డాక్టరుకి అది బంగారం.

ఛాతీ, పొట్ట రెండూ కదలకుండా కొన్ని సెకన్లు ఆగి, మళ్లీ నెమ్మదిగా మొదలైతే అది వేరు. పెద్ద నిట్టూర్పు తర్వాతో, పక్కకి తిరిగాకో పిల్లలు అలా కాస్త ఆగడం సాధారణమే. తరచుగా, ఎక్కువసేపు ఆగుతుంటే అదీ చూపించాల్సిందే.

ఎన్ని సెకన్లు ఆగితే లెక్క? పెద్దవాళ్ల లెక్క పది సెకన్లు. పిల్లలకు అది కుదరదు. రెండు ఊపిర్లు తప్పినంతసేపు అడ్డుపడినా పిల్లల్లో లెక్కలోకి వస్తుంది. నిమిషానికి ఇరవై సార్లు ఊపిరి తీసే పిల్లాడికి అది ఆరు సెకన్లే. కాబట్టి ముందు, ప్రశాంతంగా నిద్రపోతున్నప్పుడు ఒక పూర్తి నిమిషం ఊపిర్లు లెక్కపెట్టి డైరీలో రాసుకోండి, ఆ తర్వాతే ఆగిన చోట్లు వెతకండి.

దొరికిన చోట్ల నుంచి రెండేసి నిమిషాల ముక్కలు మూడు కత్తిరించుకుని, తేదీ, వేళ పేరుగా పెట్టి దాచండి. అసలు వీడియో చెరిపేయొద్దు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి.

5. ఆక్సీమీటర్ పెట్టడం

కోవిడ్ రోజుల్లో కొన్న వేలి క్లిప్పు దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. అదే పెట్టొచ్చా అని అడుగుతారు. పెట్టొద్దు. అది పెద్దవాళ్ల వేలికి చేసింది, చిన్న వేలికి వదులై తప్పు అంకె చూపిస్తుంది. సరిగ్గా పట్టినా, ఆ క్షణం అంకె తప్ప రాత్రి జరిగింది గుర్తుపెట్టుకోదు. మధ్యరాత్రి ఒకసారి చూస్తే 98 ఉంది కాబట్టి అంతా బాగుందనుకోవడం పెద్ద పొరపాటు. స్మార్ట్‌వాచీలు, గురక యాప్‌లు కూడా ఈ పనికి వద్దు.

సర్జికల్ షాపులో అద్దెకు తీసుకునేటప్పుడు, లేదా ఆసుపత్రి ఇచ్చేటప్పుడు మూడు అడగండి: రాత్రంతా మెమరీలో రాస్తుందా, పిల్లల బరువుకి తగ్గ ప్రోబు ఉందా, సగటు తీసే వ్యవధి మూడు సెకన్లు లేదా అంతకంటే తక్కువకి పెట్టొచ్చా. మూడోది షాపువాళ్లకి తెలియకపోవచ్చు, డాక్టరుతోనో టెక్నీషియన్‌తోనో సెట్ చేయించండి. వ్యవధి ఎక్కువైతే ఆక్సిజన్‌లో వచ్చే చిన్న చిన్న పతనాలు సగటులో కలిసిపోయి రికార్డు అందంగా కనిపిస్తుంది.

చిన్నపిల్లలకైతే ప్రోబు కాలి బొటనవేలికి, పెద్ద పిల్లలకి చేతి వేలికి. గోళ్లరంగు తుడిచేయండి. గోరింటాకు, కోను పెట్టిన వేలు వదిలేసి వేరే వేలు చూడండి, ఆషాఢంలో చేతులన్నీ పండి ఉంటే కాలే మంచిది. చెమట తుడిచి, వెలుగు వచ్చే వైపు గోరు మీదకి వచ్చేలా పెట్టి టేపు చుట్టండి. టేపు బిగించకూడదు. వేలి కొస తెల్లబడినా, నీలంగా మారినా విప్పి మళ్లీ చుట్టండి. దాని మీద సాక్సు తొడిగితే పిల్లాడు పీకేయడు. వైరు కాలి వెంట కిందకి పోనివ్వండి, మెడ వైపు ఎప్పుడూ వద్దు. పిల్లాడు గాఢంగా నిద్రపోయాక పెడితే గొడవ ఉండదు. అర్ధరాత్రి ఒకసారి వేలు మార్చండి.

డైరీలో గడియారం చూసి రాయాల్సినవి: ఎప్పుడు నిద్రపోయాడు, ఎప్పుడు లేచాడు, బాత్రూంకి ఎప్పుడు వెళ్లాడు, ప్రోబు ఎప్పుడు ఊడింది, కరెంటు ఎప్పుడు పోయింది. ఈ వేళలు లేకపోతే రికార్డులోని గుంటలు జబ్బువో కదలికవో చెప్పలేరు.

6. రికార్డు సరిగ్గా వచ్చిందా?

మొదటి ప్రశ్న ఇదే, ఫలితం ఏమిటన్నది తర్వాత. నిద్రలో కనీసం ఆరు గంటల శుభ్రమైన రికార్డు ఉండాలి. నాడి అల (నాడి కొట్టుకోవడాన్ని యంత్రం చూపే గీత) సమంగా ఉండాలి. అంకె ఒక్కసారిగా 97 నుంచి 70కి దూకి, వెంటనే మళ్లీ 97కి వస్తే, ఆ వేళకి పిల్లాడు కదిలినట్టు వీడియోలోనో డైరీలోనో ఉంటే, అది యంత్రం తప్పే. నిజమైన పతనం కొన్ని సెకన్లలో జారి, మళ్లీ ఎక్కుతుంది, ఎక్కువగా గుంపులు గుంపులుగా వస్తుంది.

తర్వాత ఫలితం. ఈ రికార్డుని చదవడానికి డాక్టర్లు వాడే మెక్‌గిల్ స్కోరు 2004 నుంచి ఉంది. పతనాల గుంపులు మూడు, అంతకుమించి రావడం, వాటితో పాటు 90 కంటే కిందకి మూడుసార్లైనా దిగడం జరిగితే జబ్బు ఉన్నట్టే గట్టిగా అనుమానిస్తారు. మూడుసార్లకు మించి 85 కిందకి పోతే తీవ్రత పెరిగింది, 80 కిందకి పోతే ఇంకా తొందరపడాలి. మన విశాఖ సముద్రం ఒడ్డునే ఉంది కాబట్టి తక్కువ అంకెకి ఎత్తు కారణమనడానికి లేదు.

ఇవేవీ లేకపోతే? “నార్మల్” అని రాసుకోవద్దు. “తేలలేదు” అని రాసుకోండి. ఆక్సిజన్ పడిపోకుండానే రాత్రికి ఎన్నోసార్లు నిద్ర చెదిరే పిల్లలు బోలెడంత మంది. వాళ్ల బాధ ఆక్సీమీటరుకి కనపడదు. డైరీలో లక్షణాలుంటే, వీడియోలో పెనుగులాట ఉంటే రికార్డు శుభ్రంగా ఉన్నా డాక్టరు దగ్గరకి వెళ్లాల్సిందే. మీకు ఈ మొత్తంలో ఒక్కటే గుర్తుంటుందంటే ఇది గుర్తుంచుకోండి.

రికార్డు జరుగుతుండగానే, అల బాగున్నప్పుడు అంకె 90 కంటే కిందే నిలిచిపోయి పిల్లాడు పెనుగులాడుతుంటే రికార్డు సంగతి వదిలేయండి. లేపి కూర్చోబెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

7. ఇంటికొచ్చే కిట్ సంగతి

ముక్కులో గొట్టం, ఛాతీకి బెల్టు, వేలికి ప్రోబు ఉండే కిట్ ఇంటికి పంపుతామని ఎవరైనా అంటే తొందరపడి డబ్బు కట్టకండి. ఇందులో మెదడు తరంగాలు చూసే తీగలు సాధారణంగా ఉండవు. పిల్లాడు మేలుకుని కళ్లు మూసుకున్న సమయం కూడా నిద్ర కింద లెక్కలోకి పోతుంది, నిద్ర చెదిరిన సంగతి దొరకదు, దాంతో జబ్బు తక్కువగా కనిపిస్తుంది. ముక్కులో గొట్టం చిన్నపిల్లలు ఎలాగూ పీకేస్తారు.

ఇప్పటికే చేయించి ఉంటే రిపోర్టు తీసి చూడండి. గంటకి ఇన్నిసార్లు ఊపిరి ఆగింది లేదా తగ్గింది అని ఒక అంకె, ఏహెచ్ఐ పేరుతో ఉంటుంది. పెద్దవాళ్లకి అయిదు దాకా నార్మల్. పిల్లలకి గంటకి ఒకటి దాటితేనే తేడా, అయిదు దాటితే మధ్యస్థం, పది దాటితే తీవ్రం. “నాలుగు, నార్మల్” అని అచ్చువేసి ఉన్న పిల్లల రిపోర్టు పెద్దవాళ్ల లెక్కతో వచ్చిందన్నమాట. పక్కన పెట్టేయకుండా డాక్టరుకి చూపించండి.

8. డాక్టరు దగ్గరకి

ఒక కాగితం మీద పిల్లాడి వయసు, బరువు, ఎత్తు, గురక ఎన్ని నెలలుగా ఉంది, వారానికి ఎన్ని రాత్రులు, పగటి లక్షణాలు, వాడిన మందులు, ఆక్సీమీటర్లో కనిష్ఠ అంకె రాయండి. ఓపీలో డాక్టరుకి ఉండే సమయం కొద్దే, ఆ కాగితం, తెల్లవారుజామున తీసిన రెండు నిమిషాల వీడియో ముందు పెట్టండి.

ముందు పిల్లల డాక్టరు గానీ ఈఎన్‌టీ డాక్టరు గానీ. కేజీహెచ్‌లో (కింగ్ జార్జ్ ఆసుపత్రి) పిల్లల విభాగం ఉంది, ఊళ్లో ప్రభుత్వ ఈఎన్‌టీ ఆసుపత్రి కూడా ఉంది. పిల్లల్లో చాలావరకు కారణం పెరిగిన టాన్సిల్స్, ముక్కు వెనకాల ఉండే ఎడినాయిడ్స్. రెండేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య ఇది ఎక్కువ. టార్చి వేసి మీరు చూసేది టాన్సిల్స్ మాత్రమే. ఎడినాయిడ్స్ అలా కనపడవు, ఎక్స్‌రేనో ఎండోస్కోపీనో కావాలి. టాన్సిల్స్ చిన్నగా ఉన్నాయని ధైర్యపడొద్దు, పెద్దవిగా ఉన్నాయని ఆపరేషనే అనుకోవద్దు. వాటి సైజుని బట్టి జబ్బు తీవ్రత తెలియదు.

“వాళ్ల నాన్నకీ చిన్నప్పుడు ఇంతే, పెద్దయ్యాక పోయింది” అని ఇంట్లో మామ్మలు అంటారు. ప్రేమతోనే అంటారు. కొందరికి నిజంగానే తగ్గుతుంది కూడా. ఎవరికి తగ్గుతుందో ఇంట్లో కూర్చుని తెలుసుకునే దారి లేదు కాబట్టి ఆవిడకి కూడా ఆ వీడియో చూపించి తీసుకెళ్లండి.

స్లీప్ స్టడీ రాస్తే, ల్యాబ్‌కి ఫోన్ చేసి అడగాల్సినవి: ఈ వయసు పిల్లలకి ఇంతకుముందు చేశారా, రాత్రంతా తల్లో తండ్రో పక్కన ఉండొచ్చా, కార్బన్ డయాక్సైడ్ కూడా కొలుస్తారా, పిల్లల నిబంధనల ప్రకారమే లెక్కకడతారా. నాలుగింటికీ అవునంటేనే రాత్రి బుక్ చేసుకోండి.

టాన్సిల్స్, ఎడినాయిడ్స్ తీసే ఆపరేషన్ నిర్ణయమైతే మత్తు డాక్టరుకి మీ రికార్డులోని కనిష్ఠ అంకె మీరే చెప్పండి. అడిగేదాకా ఆగొద్దు. మూడేళ్లలోపు పిల్లలు, జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లు, ఊబకాయం ఉన్నవాళ్లు ఆపరేషన్ రాత్రి ఆసుపత్రిలోనే ఉండాలి. ఆక్సిజన్, పర్యవేక్షణ ఉన్నచోటే చేయించండి. ఇంటికి వచ్చాక కోడీన్ ఉన్న మందు ఏదీ వేయకండి.

ఆపరేషన్ అయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకి వీడియో, డైరీ మళ్లీ చేయండి. అదే గది, అదే కోణం, అదే తెల్లవారుజాము వేళ. ఊబకాయం ఉన్న పిల్లల్లో, ముందే జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లలో కొంత మిగిలిపోవడం తరచుగా జరుగుతుంది. గురక మళ్లీ వినిపించినా, పొట్టా ఛాతీ వ్యతిరేక దిశల్లో కదిలినా పాత వీడియో, కొత్త వీడియో రెండూ పట్టుకుని అదే డాక్టరు దగ్గరకి వెళ్లి, ఇంకోసారి స్లీప్ స్టడీ కావాలేమో అడగండి.